టర్బో ఇంజన్‌లో బూస్ట్ స్పైక్ ఎందుకొస్తుంది, దాన్ని ఎలా అదుపు చేయాలి

మూడో గేర్‌లో 2000 ఆర్పీఎం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఒక లాగ్ (సెన్సర్ విలువల రికార్డు) తీస్తే, బూస్ట్‌కి, అంటే వాతావరణ ప్రెషర్ మీద టర్బో అదనంగా పెంచే ప్రెషర్‌కి, టార్గెట్ 1.0 బార్ అని పెట్టి ఉన్నా గీత అక్కడ ఆగదు, 1.3 కో 1.35 కో దూసుకెళ్ళి, అర సెకను అటూ ఇటూగా పైనే ఉండి, తర్వాత కిందకి దిగి 1.0 దగ్గర సర్దుకుంటుంది. గ్రాఫ్‌లో మొనలా కనపడే ఆ అర సెకనునే బూస్ట్ స్పైక్ అంటారు. చాలామంది ఇది చూడగానే బూస్ట్ తగ్గించేస్తారు, 1.0 బదులు 0.8 పెడితే మొన 1.1 కి దిగుతుంది కదా అని. దిగుతుంది నిజమే, కానీ మిగతా ఆర్పీఎం అంతటా రావాల్సిన పవర్ కూడా దాంతోపాటే పోతుంది, అసలు రోగం మాత్రం అలాగే ఉంటుంది. టార్గెట్ ఎంత పెట్టారన్న దానికన్నా, వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ని టర్బైన్ పక్క నుంచి వదిలే తలుపు) తెరుచుకోవాల్సిన క్షణానికి తెరుచుకుందా లేదా అన్నదే స్పైక్‌ని నిర్ణయిస్తుంది. ఆ ఆలస్యం ఎక్కడెక్కడ పోగవుతుందో వెతికి తగ్గించుకుంటూ రావాలి, మిగతావన్నీ పైపూతలే.

ముందుగా, మూడు వేరు వేరు సమస్యల్ని జనం కలిపేస్తుంటారు, మందు మాత్రం మూడింటికీ వేరు. స్పైక్ అంటే ఒక్కసారి పైకెళ్ళి తిరిగి టార్గెట్‌కి వచ్చేది. క్రీప్ అంటే టార్గెట్ దాకా బాగానే వచ్చి, ఆ తర్వాత ఆర్పీఎం పెరిగేకొద్దీ మెల్లమెల్లగా పాక్కుంటూ పోయేది, 3500 దగ్గర 0.9 ఉన్న బూస్ట్ 6000 కి వచ్చేసరికి 1.3 అయిపోతుంది, అప్పటికి వేస్ట్‌గేట్ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది గానీ ఆ రంధ్రంలోంచి పోవాల్సినంత ఎగ్జాస్ట్ పోవట్లేదు అంతే. మూడోది హంటింగ్, బూస్ట్ ఒక చోట నిలవకుండా పైకీ కిందకీ ఊగుతూనే ఉండటం, ఇది చాలావరకు కంట్రోలర్ సెట్టింగులు మరీ దూకుడుగా ఉండటం వల్ల వస్తుంది. క్రీప్ ఉన్న కార్లో సాఫ్ట్‌వేర్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు, అలాగే ఉత్త స్పైక్ ఉన్న కారుకి పెద్ద వేస్ట్‌గేట్ కొనిపెట్టినా డబ్బు దండగే. అందుకే ఏదైనా విప్పే ముందు గీత ఆకారం చూడాలి.

టర్బో తన వేగాన్ని తనే పెంచుకునే మెషీన్. ఎగ్జాస్ట్ గ్యాస్ టర్బైన్‌ని తిప్పుతుంది, అదే షాఫ్ట్ మీద ఉన్న కంప్రెసర్ గాలిని ఇంజన్‌లోకి నెడుతుంది, ఎక్కువ గాలి వెళ్తే ఎక్కువ ఫ్యూయల్ మండుతుంది, ఎక్కువ మండితే ఎక్కువ ఎగ్జాస్ట్ వస్తుంది, అది టర్బైన్‌ని ఇంకా గట్టిగా తిప్పుతుంది. ఈ చక్రానికి తనంతట తానుగా ఆగే గుణం లేదు, ఏదో ఒకటి వచ్చి ఆపాలి. చిన్న కార్ల టర్బోల్లో షాఫ్ట్ నిమిషానికి 2 లక్షల చుట్లు కూడా దాటుతుంది, ఆ వేగంలో తిరిగేదాన్ని చిటికెలో నెమ్మదించమంటే అవ్వదు. వేస్ట్‌గేట్ చేసేది ఏంటంటే ఎగ్జాస్ట్‌లో కొంత భాగాన్ని టర్బైన్ పక్క నుంచి దాటించి పంపేయడం, అంటే టర్బైన్‌కి అందే శక్తిని తగ్గించడం. బ్రేక్ వేయదు, తోయడం మానేస్తుంది అంతే. కాబట్టి బూస్ట్ టార్గెట్‌కి చేరాక గేట్ తెరిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, చేరకముందే తెరవడం మొదలెట్టాలి.

ఎంత ముందు అనేది చిన్న లెక్కతో తెలుస్తుంది. టార్గెట్ దగ్గర పడుతున్నప్పుడు బూస్ట్ సెకనుకి 1 బార్ చొప్పున పెరుగుతోంది అనుకుందాం, చిన్న టర్బో ఉన్న పెట్రోల్ ఇంజన్‌లో ఇది పెద్ద విషయం కాదు. అంటే ప్రతి 100 మిల్లీసెకన్లకి 0.1 బార్. ఇప్పుడు సెన్సర్ చదవడం, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) నిర్ణయం తీసుకోవడం, సోలెనాయిడ్ (కరెంట్‌తో నడిచే వాల్వ్) స్పందించడం, హోస్‌లో గాలి నిండటం, యాక్చుయేటర్ (గేట్‌ని కదిలించే డబ్బా) డయాఫ్రమ్ కదలడం, గేట్ తెరుచుకోవడం, టర్బైన్ నెమ్మదించడం, ఇవన్నీ కలిపి 300 మిల్లీసెకన్లు పట్టిందంటే ఓవర్‌షూట్, అంటే టార్గెట్ దాటిపోవడం, 0.3 బార్. మొదట్లో చెప్పిన లాగ్‌లో కనపడింది దాదాపు ఇదే. ఇందులో ఏ ఒక్కటీ విడిగా చూస్తే పెద్ద తప్పులా కనపడదు, తలా ఇంత కలిసి మొన తయారవుతుంది.

అర సెకనే కదా, ఏమవుతుందిలే అనుకోవడం ప్రమాదం. 25 డిగ్రీల గాలిని 1.0 బార్ బూస్ట్‌కి, అంటే సుమారు 2 రెట్ల ప్రెషర్‌కి నొక్కితే, కంప్రెసర్ ఎఫిషియెన్సీ 70 శాతం ఉందనుకున్నా బయటికొచ్చే గాలి 118 డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే 1.4 బార్‌కి వెళ్తే 146 డిగ్రీల దాకా పోతుంది, ఎఫిషియెన్సీ పడిపోతే ఇంకా ఎక్కువ. ఇంటర్‌కూలర్ కొంత కాపాడుతుంది గానీ మ్యానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి పంచే గొట్టంలో) వాతావరణ ప్రెషర్‌తో కలిపి 200 కిలోపాస్కల్ ఉండాల్సిన చోట 240 ఉందంటే, గాలి టెంపరేచర్ అంతే ఉన్నా సిలిండర్‌లోకి 20 శాతం ఎక్కువ గాలి పోతుంది, దానికి 20 శాతం ఎక్కువ పెట్రోల్ కావాలి, ఇంజెక్టర్లు అప్పటికే అంచుమీద ఉంటే మిక్స్చర్ లీన్ (గాలికి తగ్గ పెట్రోల్ లేనిది) అయిపోతుంది. ఇగ్నిషన్ టైమింగ్ కూడా టేబుల్‌లో ఆ లోడ్ దగ్గర ఎవరూ సరిగ్గా ట్యూన్ చేసి ఉండరు, ఎందుకంటే ఇంజన్ అక్కడికి వెళ్తుందని ఎవరూ అనుకోరు కదా. నాక్, అంటే సిలిండర్‌లో మిక్స్చర్ తనంతట తాను పేలినట్టు మండటం, మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

పైగా స్పైక్ వచ్చే చోటు కూడా చెడ్డ చోటే. స్టాక్ చిన్న టర్బోలు 2000 నుంచి 3000 ఆర్పీఎం లోపే ఫుల్ బూస్ట్‌కి చేరతాయి, ఆ తక్కువ స్పీడ్‌లో సిలిండర్‌లోని మిక్స్చర్‌కి తనంతట తాను అంటుకోవడానికి టైం ఎక్కువ దొరుకుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న చిన్న టర్బో ఇంజన్లలో లో స్పీడ్ ప్రీ ఇగ్నిషన్ అనే సమస్య ఉంది, స్పార్క్ రాకముందే, ఆయిల్ చుక్కలో, పేరుకున్న మసి కణాలో నిప్పురవ్వలా పనిచేసి మిక్స్చర్‌ని అంటించేస్తాయి, ఒక్క దెబ్బకి పిస్టన్ రింగ్‌ల మధ్య అంచు విరిగిపోయే అవకాశం ఉంటుంది. ఆయిల్ కంపెనీలు దీనికోసమే ఫార్ములాలు మార్చాయి, 2018 లో వచ్చిన ఏపీఐ ఎస్ఎన్ ప్లస్, 2020 లో వచ్చిన ఎస్పీ గ్రేడ్లలో ఈ ప్రీ ఇగ్నిషన్ గురించి టెస్ట్ కూడా పెట్టారు. మంచి ఆయిల్ పోసి, సరిగ్గా ఆ ఆర్పీఎంలోనే బూస్ట్‌ని 0.3 బార్ పైకి ఎగరనిస్తే పోసిన ఆయిల్‌కి అర్థం లేదు.

బూస్ట్‌ని ఆపడం అనే బాధ టర్బో కారంత పాతది. 1962 లో వచ్చిన షెవర్లే కోర్వేర్ మోంజా స్పైడర్‌లో అసలు వేస్ట్‌గేటే లేదు, మఫ్లర్‌లోని అడ్డే బూస్ట్‌ని పరిమితం చేసేది, అంటే ఎగ్జాస్ట్‌ని కావాలనే ఇరుకుగా ఉంచి పని కానిచ్చారు. అదే ఏడాది వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లో వేస్ట్‌గేట్ ఉంది, దానికి తోడు నాక్ రాకుండా నీళ్ళూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజన్‌లోకి చిమ్మేవాళ్ళు, ఆ ట్యాంక్ ఖాళీ అయితే బూస్ట్‌ని తగ్గించే ఏర్పాటు కూడా పెట్టారు. 1980ల మొదట్లో సాబ్ కంపెనీ ఏపీసీ అనే సిస్టంతో వచ్చింది, నాక్ సెన్సర్ చెప్పేదాన్ని బట్టి ఒక సోలెనాయిడ్ వాల్వ్ వేస్ట్‌గేట్‌కి వెళ్ళే ప్రెషర్‌ని మార్చేది, ఇవాళ్టి కార్లలో ఉన్న పద్ధతికి మూలం అక్కడే కనిపిస్తుంది. ఫార్ములా వన్‌లో అయితే 1987 లో 4 బార్, 1988 లో 2.5 బార్ అబ్సల్యూట్ ప్రెషర్ (వాతావరణ ప్రెషర్ కూడా కలిపి) దాటకుండా పోపాఫ్ వాల్వ్‌లు బిగించారు, అవి ఒకసారి తెరుచుకుంటే ప్రెషర్ లిమిట్ కన్నా కిందకి పడిపోయేది, కాబట్టి లిమిట్‌కి ఒక వెంట్రుక కింద స్థిరంగా నిలబెట్టగలిగిన వాళ్ళకే ఫుల్ పవర్ దక్కేది.

ఇక మెషీన్‌లోకి వస్తే, అందరికన్నా ముందు చూడాల్సింది యాక్చుయేటర్. డబ్బాలో ఒక డయాఫ్రమ్, దాని వెనక స్ప్రింగ్, ముందుకి ఒక రాడ్, రాడ్ చివర ఫ్లాపర్, అంటే వేస్ట్‌గేట్ రంధ్రాన్ని మూసే మూత. కంప్రెసర్ నుంచి వచ్చే ప్రెషర్ డయాఫ్రమ్‌ని తోస్తే, స్ప్రింగ్ బలాన్ని దాటినప్పుడు ఫ్లాపర్ తెరుచుకుంటుంది. ఇందులో చాలామంది మర్చిపోయేది ఇంకో బలం ఉంది, టర్బైన్ ముందున్న ఎగ్జాస్ట్ ప్రెషర్ కూడా ఫ్లాపర్‌ని తెరవడానికే తోస్తుంది. అందుకే చిన్న టర్బోల్లో ఒకే కారులో రెండూ కనపడతాయి, కింద ఆర్పీఎంలో స్పైక్, పైన ఆర్పీఎంలో బూస్ట్ తగ్గిపోవడం. కింద ఎగ్జాస్ట్ బ్యాక్ ప్రెషర్ తక్కువ కాబట్టి గేట్ గట్టిగా మూసుకునే ఉంటుంది, పైకెళ్ళాక ఆ బ్యాక్ ప్రెషరే గేట్‌ని తోసేస్తుంది. పైన పడిపోతోంది కదా అని రాడ్ ప్రీలోడ్ బిగిస్తే కింద స్పైక్ ఇంకా పెరుగుతుంది, ఈ ఒక్క ముక్క తెలియక రాడ్‌ని తిప్పుతూ తిప్పుతూ వారాలు పోగొట్టుకుంటారు.

ప్రీలోడ్ అంటే రాడ్‌ని కొన్ని మిల్లీమీటర్లు పొట్టిగా చేసి బిగించడం, దానివల్ల గేట్ మూసుకున్నప్పుడే స్ప్రింగ్ కొంత నొక్కుకుని ఉంటుంది. తక్కువైతే గేట్ ముందే లీకై టర్బో బద్ధకంగా లేస్తుంది, మరీ ఎక్కువైతే రాడ్ కదిలే దూరంలో కొంత ముందే ఖర్చైపోయి ఫ్లాపర్ పూర్తిగా తెరుచుకోదు. చేతి పంపుతో యాక్చుయేటర్‌కి ప్రెషర్ ఇచ్చి చూస్తే విషయం తేలిపోతుంది, రాడ్ ఎంత ప్రెషర్ దగ్గర కదలడం మొదలైంది, ఎంత దూరం కదిలింది, పంపు ఆపాక ప్రెషర్ నిలిచిందా, లేక డయాఫ్రమ్ చిరిగి మెల్లగా దిగిపోతోందా. రాడ్ ఒక్కసారిగా జారినట్టు కదిలిందంటే ఫ్లాపర్ ఇరుసు మసితోనో తుప్పుతోనో పట్టేసి ఉంది, అలా పట్టేసి తర్వాత టక్కున వదిలే గేట్ ఉన్నంతవరకు ఏ కంట్రోలర్ పెట్టినా స్పైక్ పోదు. అయిదు నిమిషాల పరీక్ష ఇది, చేయకుండా ట్యూనింగ్‌లోకి దిగడం అస్సలు సరికాదు.

తర్వాత హోస్‌లు. యాక్చుయేటర్‌కి సిగ్నల్ తెచ్చే హోస్ ఎంత పొడుగు ఉంటే, ఎంత లావు ఉంటే, అందులో నిండాల్సిన గాలి అంత ఎక్కువ, ఆలస్యం అంత ఎక్కువ. మెత్తటి పాత రబ్బర్ అయితే ప్రెషర్‌కి ఉబ్బి ఇంకొంచెం తినేస్తుంది. సోలెనాయిడ్‌ని వేస్ట్‌గేట్‌కి దగ్గర్లో బిగించి, గట్టి హోస్ పొట్టిగా వేస్తే పైసా ఖర్చు లేకుండా కొంత మొన తగ్గుతుంది. పగుళ్ళు మాత్రం వెంటనే మార్చాల్సినవి, ఎందుకంటే ఈ హోస్‌లో లీక్ ఉంటే యాక్చుయేటర్‌కి నిజమైన ప్రెషర్ కన్నా తక్కువ చేరుతుంది, అది ఇంకా టార్గెట్ రాలేదనుకుని గేట్ మూసే ఉంచుతుంది, హోస్ పూర్తిగా ఊడిపోతే ఇక బూస్ట్‌కి అడ్డే ఉండదు. ఇంటర్‌కూలర్ పెద్ద పైపుల్లో లీక్ ఉంటే వచ్చే లక్షణం మామూలుగా దీనికి తలకిందులు, అక్కడ బూస్ట్ తగ్గుతుంది, టర్బో మాత్రం ఆ లోటు పూడ్చడానికి పిచ్చిగా తిరుగుతుంది. కొన్ని కంపెనీ సెటప్‌లలో హోస్ లోపల చిన్న రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క ఒకటి ఉంటుంది, హోస్ మార్చేటప్పుడు దాన్ని చెత్త అనుకుని పారేసినా, వేరే కొమ్మలో పెట్టినా మొత్తం కంట్రోల్ లెక్క తప్పిపోతుంది.

సిగ్నల్ ఎక్కడి నుంచి తీశారన్నది కూడా చూడాలి. కంప్రెసర్ అవుట్‌లెట్ దగ్గర తీస్తే ప్రెషర్ పెరగడం యాక్చుయేటర్‌కి ముందే తెలుస్తుంది, ఇంటర్‌కూలర్, థ్రాటిల్ దాటాక మ్యానిఫోల్డ్‌లో తీస్తే మధ్యలో ఉన్న పైపులన్నీ నిండాక తెలుస్తుంది. పైగా మ్యానిఫోల్డ్‌లో థ్రాటిల్ సగం మూసినప్పుడు వ్యాక్యూమ్ ఉంటుంది, అటు టర్బో మాత్రం థ్రాటిల్ ముందు ప్రెషర్ పెంచుకుంటూ పోతూ ఉంటుంది, ఆ సంగతి గేట్‌కి తెలియదు. స్పైక్ కంట్రోల్ దృష్టితో చూస్తే కంప్రెసర్ దగ్గర తీయడమే మంచిది.

చేత్తో తిప్పే మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్ పెట్టుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, అందులో రెండు రకాలు. బ్లీడ్ వాల్వ్ అనేది యాక్చుయేటర్‌కి వెళ్ళే గాలిలో కొంత బయటికి వదిలేస్తుంది, దీంతో గేట్ కొంచెం కొంచెంగా తెరుచుకుంటుంది. బాల్ అండ్ స్ప్రింగ్ రకం సెట్ చేసిన ప్రెషర్ వచ్చేదాకా గేట్‌కి గాలే పోనివ్వదు, దాంతో టర్బో చకచకా లేస్తుంది, డ్రైవ్ చేసేవాళ్ళకి భలే హుషారుగా ఉంటుంది, కానీ గేట్ అంతసేపు గట్టిగా మూసుకుని ఉండి చివరి క్షణంలో తెరుచుకోవాలి కాబట్టి స్పైక్ దాని స్వభావంలోనే ఉంది. ఈ రకంలో యాక్చుయేటర్ వైపు గాలి బయటికి పోవడానికి సన్నని రంధ్రం తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే లోపల చిక్కిన ప్రెషర్ దిగక గేట్ మళ్ళీ సమయానికి మూసుకోదు. రోజూ నడిపే కారుకి ఈ రకం వద్దనే చెప్పాలి, గేర్‌ని బట్టి, వాతావరణాన్ని బట్టి మారే తెలివి దానికి ఉండదు.

ఈసీయూ నడిపే సోలెనాయిడ్ దగ్గరికి వస్తే, మామూలుగా వాడే మూడు పోర్టుల సోలెనాయిడ్‌లో డ్యూటీ సైకిల్ (ఒక్కో సైకిల్‌లో దానికి కరెంట్ ఉండే శాతం) 0 ఉంటే కంప్రెసర్ ప్రెషర్ మొత్తం యాక్చుయేటర్‌కి పోతుంది, అప్పుడు వచ్చే బూస్ట్ స్ప్రింగ్ బలం అంతే. డ్యూటీ పెంచేకొద్దీ ఆ గాలిలో కొంత పక్కకి పోయి బూస్ట్ పెరుగుతుంది. వైర్ తెగినా కనెక్టర్ ఊడినా బూస్ట్ స్ప్రింగ్ ప్రెషర్‌కే పడిపోవాలి, అలా కాకుండా కరెంట్ పోతే ఫుల్ బూస్ట్ వచ్చేలా హోస్‌లు అటూ ఇటూ కలిపితే ఇంజన్‌ని చేజేతులా అపాయంలో పెట్టినట్టే. ఇలాంటి సోలెనాయిడ్‌ని తరచుగా 30 హెర్ట్జ్ దరిదాపుల్లో నడుపుతారు, అంటే ఒక సైకిల్‌కి 33 మిల్లీసెకన్లు. ఫ్రీక్వెన్సీ మరీ తగ్గిస్తే గేట్ వణుకుతుంది, మరీ పెంచితే లోపలి వాల్వ్ పూర్తిగా కదలకముందే ఆర్డర్ మారిపోతుంది. డ్యూటీ 10 నుంచి 20 కి పెంచితే వచ్చే మార్పు, 50 నుంచి 60 కి పెంచితే వచ్చే మార్పు ఒకటి కావు, రెండు కొసల్లో అసలు స్పందనే ఉండదు, ఇది గుర్తుపెట్టుకోకుండా పీఐడీ (టార్గెట్‌కీ బూస్ట్‌కీ తేడా చూసి డ్యూటీని దిద్దే లెక్క) నంబర్లు దిద్దితే ఒక చోట బాగుపడి ఇంకో చోట చెడిపోతుంది.

సాఫ్ట్‌వేర్ వైపు స్పైక్‌కి కారణాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనపడేది ఇంటిగ్రల్ పేరుకుపోవడం. పీఐడీ కంట్రోలర్‌లో ఇంటిగ్రల్ భాగం చేసే పని, టార్గెట్‌కీ నిజమైన బూస్ట్‌కీ మధ్య తేడాని కూడబెడుతూ, ఆ తేడా పోయేదాకా డ్యూటీ పెంచుకుంటూ పోవడం. యాక్సిలరేటర్ తొక్కగానే టార్గెట్ 1.0 అవుతుంది, బూస్ట్ మాత్రం ఇంకా 0.1 దగ్గరే ఉంటుంది, టర్బో లేవడానికి సెకనో సెకనున్నరో పడుతుంది. ఆ టైంలో బూస్ట్ రాకపోవడానికి కారణం గేట్ కాదు, ఎగ్జాస్ట్ ఇంకా చాలకపోవడం, కానీ కంట్రోలర్‌కి ఆ సంగతి తెలియదు, ఇంకా కావాలి ఇంకా కావాలి అని డ్యూటీని నెత్తిన పెట్టుకుంటూ పోతుంది. చివరికి బూస్ట్ 1.0 కి వచ్చే క్షణానికి డ్యూటీ 90 శాతం దగ్గర కూర్చుని ఉంటుంది, అక్కడ ఉండాల్సింది 55 అనుకుంటే, ఆ కూడబెట్టిందంతా తగ్గాలంటే బూస్ట్ టార్గెట్ పైన కొంతసేపు ఉండి తీరాలి, లెక్క ప్రకారమే ఉండాలి. అంటే కంట్రోలరే స్పైక్‌ని తయారుచేస్తోంది.

దీనికి విరుగుడు కూడా అదే లెక్కలో ఉంది. బూస్ట్ టార్గెట్‌కి 0.2 బార్ లోపలికి వచ్చేదాకా క్లోజ్డ్ లూప్‌ని, అంటే బూస్ట్ చూసి డ్యూటీ దిద్దడాన్ని, అసలు మొదలెట్టనివ్వకూడదు, అప్పటిదాకా ఓపెన్ లూప్ టేబుల్‌లో ముందే రాసిపెట్టిన డ్యూటీతోనే నడపాలి. ఇంటిగ్రల్ ఎంత పెంచగలదు, ఎంత తగ్గించగలదు అన్నదానికి హద్దు పెట్టాలి, పైకి తక్కువ, కిందకి ఎక్కువ ఇవ్వడం మేలు, ఎందుకంటే బూస్ట్ తక్కువైతే కారు కొంచెం నెమ్మదిస్తుంది అంతే, ఎక్కువైతే ఇంజన్ పోతుంది. డెరివేటివ్ భాగం బూస్ట్ పెరిగే వేగాన్ని చూసి ముందే డ్యూటీ తగ్గిస్తుంది, స్పైక్‌కి సరైన మందు నిజానికి ఇదే, కాకపోతే సెన్సర్ సిగ్నల్‌లో గోల ఉంటే ఆ గోలకి కూడా స్పందించి గేట్‌ని కుదిపేస్తుంది, కాబట్టి ఫిల్టర్ వేసుకుని కొద్దికొద్దిగా పెంచాలి.

ట్యూన్ చేసే వరుస ముఖ్యం. మొదట డ్యూటీ 0 పెట్టి ఆర్పీఎం మొత్తం లాగ్ తీయాలి, వచ్చిన బూస్ట్ స్ప్రింగ్ ప్రెషర్‌కి దగ్గరగా, సాపుగా ఉండాలి, ఇక్కడే గీత పైకి పాకుతుంటే అది క్రీప్, దాన్ని మెటల్ పనితో సరిచేయనిదే ముందుకెళ్ళకూడదు. తర్వాత పీఐడీ పూర్తిగా ఆపేసి, డ్యూటీ 10 శాతం చొప్పున పెంచుతూ ఒక్కో స్థాయిలో ఎంత బూస్ట్ వచ్చిందో రాసుకుంటే ఓపెన్ లూప్ టేబుల్ దానంతట అదే తయారవుతుంది. ఈ టేబుల్ బాగుంటే పీఐడీకి మిగిలే పని చాలా తక్కువ, నిజంగా బాగున్న సెటప్‌లో అది డ్యూటీని 5 శాతం అటూ ఇటూ కదిలిస్తే చాలు. చాలామంది టేబుల్‌ని అంచనాగా నింపేసి తప్పులన్నీ పీఐడీ సర్దుకుంటుందిలే అని వదిలేస్తారు, స్పైక్‌తో ఇబ్బంది పడే సెటప్‌లలో ఎక్కువ చోట్ల కనపడేది ఇదే. టేబుల్‌లో కూడా ఒక కిటుకు ఉంది, బూస్ట్ మొదటిసారి టార్గెట్‌ని తాకే ఆర్పీఎం దగ్గర, ఉదాహరణకి 2600 నుంచి 3200 మధ్య, డ్యూటీని నిలకడ విలువ కన్నా కొంచెం తగ్గించి పెడితే గేట్ ముందే తెరుచుకోవడం మొదలెడుతుంది, మొన అణిగిపోతుంది.

టార్గెట్‌ని కూడా మెట్టులా ఒక్కసారిగా 1.0 కి ఎత్తకుండా, చివరి 0.2 బార్‌ని ఒక 300 లేదా 400 ఆర్పీఎం మీద వాలుగా ఎక్కిస్తే మంచిది. దీనివల్ల పోయేది చాలా కొంచెం, ఆ కొంచెం కూడా టైర్ పట్టు లేక వృథా అయ్యే చోటే పోతుంది. 0.05 నుంచి 0.1 బార్ దాకా ఓవర్‌షూట్ ఉండి వెంటనే సర్దుకుంటే దాన్ని వదిలేయొచ్చు, అది కూడా పోవాలని పట్టుబడితే టర్బో లేచే చురుకుదనం చచ్చిపోతుంది. కొన్ని కంపెనీలు కొన్ని సెకన్లపాటు కావాలనే ఎక్కువ బూస్ట్ ఇచ్చే ఓవర్‌బూస్ట్ ఫీచర్ పెడతాయి, అది వేరు, అక్కడ టార్గెటే పైన ఉంటుంది, ఫ్యూయల్, టైమింగ్ అన్నీ దానికి తగ్గట్టు సిద్ధం చేసి ఉంటాయి.

ఒకే సెటప్ మూడో గేర్‌లో బుద్ధిగా ఉండి అయిదో గేర్‌లో స్పైక్ ఇవ్వొచ్చు. పై గేర్‌లో ఆర్పీఎం మెల్లగా పెరుగుతుంది, టర్బోకి లేవడానికి టైం ఎక్కువ దొరికి ఇంకా తక్కువ ఆర్పీఎంలోనే ఫుల్ బూస్ట్ చేరుతుంది, టేబుల్‌లో ఆ చోట డ్యూటీ ఎక్కువగా ఉంటే అక్కడే ఎగురుతుంది. గేర్‌ని బట్టి డ్యూటీ దిద్దే అవకాశం ఈసీయూలో ఉంటే వాడి తీరాలి. చలికాలం తెల్లవారుజామున కూడా ఇంతే, చల్లటి చిక్కటి గాలిలో కంప్రెసర్ అదే స్పీడ్‌కి ఎక్కువ ప్రెషర్ పుట్టిస్తుంది, మధ్యాహ్నం ఎండలో ట్యూన్ చేసి సరిపోయిందనుకున్నది చలిలో 0.15 పైకి పోవచ్చు. ఎత్తైన ప్రదేశాల్లో ఇబ్బంది ఇంకోలా ఉంటుంది, బయట గాలి పల్చగా ఉంటుంది కాబట్టి అదే అబ్సల్యూట్ ప్రెషర్ తేవడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి, అక్కడ లిమిట్ పెట్టాల్సింది టర్బో స్పీడ్‌ని కాపాడటానికి.

గేర్ మార్చేటప్పుడు వచ్చే స్పైక్‌ని విడిగా చూడాలి. థ్రాటిల్ మూసిన క్షణంలో డైవర్టర్ వాల్వ్ తెరుచుకుని గాలిని తిప్పి పంపేస్తుంది, దాంతో టర్బో స్పీడ్ పెద్దగా పడదు, తర్వాతి గేర్‌లో థ్రాటిల్ తెరవగానే అప్పటికే వేగంగా తిరుగుతున్న కంప్రెసర్ ఒక్కసారిగా నెడుతుంది. ఆ గ్యాప్‌లో ఇంటిగ్రల్‌ని సున్నా చేయకపోతే పాత విలువ అలాగే ఉండి ఇంకొంచెం ఎగదోస్తుంది. గేర్ మార్చిన ప్రతిసారీ మొన వస్తూ, మొదటి లాగుడులో రాకపోతే చూడాల్సింది ఇక్కడే.

క్రీప్ గురించి పైన చెప్పినట్టు అది మెటల్ పని. డౌన్‌పైప్ (టర్బో నుంచి ఎగ్జాస్ట్ బయటికొచ్చే మొదటి పైప్), మఫ్లర్ అన్నీ ఫ్రీ ఫ్లో వేసేశాక టర్బైన్ వెనక అడ్డు తగ్గిపోయి, స్టాక్ వేస్ట్‌గేట్ రంధ్రం చాలకుండా పోతుంది. మాజ్దా ఆర్ఎక్స్ 7 మూడో తరం కార్లో ఎగ్జాస్ట్ మార్చాక ఇలా బూస్ట్ పాకడం బాగా పేరుపడ్డ సమస్య, రోటరీ ఇంజన్ నాక్‌ని అస్సలు తట్టుకోదు కాబట్టి అక్కడ దీని వల్ల ఇంజన్లే పోయేవి. వేస్ట్‌గేట్ రంధ్రాన్ని పెద్దది చేసి నున్నగా రాయడం, ఫ్లాపర్ ఎక్కువ కోణంలో తెరుచుకునేలా చూడటం, అదీ చాలకపోతే ఎక్స్‌టర్నల్ వేస్ట్‌గేట్ (టర్బో బయట విడిగా బిగించేది) పెట్టడం దారులు. ఎక్స్‌టర్నల్ పెట్టేటప్పుడు సైజ్ కన్నా దాని పైప్ మ్యానిఫోల్డ్‌లో ఎక్కడ కలిసిందన్నది పెద్ద విషయం, గ్యాస్ వచ్చే దారికి ఎదురు తిరిగే కోణంలో పెడితే ఎంత పెద్ద గేట్ అయినా గ్యాస్ అటు తిరగదు.

కొత్త కార్లలో డయాఫ్రమ్ బదులు మోటార్‌తో నడిచే ఎలక్ట్రిక్ వేస్ట్‌గేట్లు వస్తున్నాయి, గేట్ ఎంత తెరుచుకుందో ఈసీయూకి నేరుగా తెలుస్తుంది, హోస్ ఆలస్యం అసలు ఉండదు, బూస్ట్ లేకపోయినా తెరవగలదు. వీటిలో స్పైక్ వచ్చిందంటే మామూలుగా రాడ్ వదులవ్వడమో, మూసిన స్థానం మళ్ళీ నేర్పించకపోవడమో కారణం. ఇంకా ఈ కార్లు ఓవర్‌షూట్ రాగానే థ్రాటిల్‌ని కొద్దిగా మూసేస్తాయి, డ్రైవర్‌కి చిన్న కుదుపులా అనిపిస్తుంది, మ్యానిఫోల్డ్ ప్రెషర్ గీత మాత్రం చక్కగా కనపడుతుంది. అందుకే థ్రాటిల్ ముందున్న బూస్ట్ సెన్సర్‌నీ, థ్రాటిల్ కోణాన్నీ కలిపి చూడకపోతే స్పైక్ దాక్కుంటుంది. చాలా డీజిల్ కార్లలో వేస్ట్‌గేట్ స్థానంలో టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలుంటాయి, మసి పట్టి అవి మూసిన వైపు ఇరుక్కుంటే ఓవర్‌బూస్ట్ వచ్చి కారు లింప్ మోడ్‌లోకి (పవర్ తగ్గించుకుని నడిచే స్థితిలోకి) పోతుంది, స్కానర్‌లో పీ0234 కోడ్ కనపడుతుంది.

లాగ్ తీసే పరికరం కూడా నమ్మదగ్గదై ఉండాలి. ఓబీడీ (కారులోని డయాగ్నస్టిక్ పోర్ట్) ద్వారా ఒకేసారి పది విలువలు చదివిస్తే ఒక్కో విలువ సెకనుకి రెండు మూడు సార్లే రావచ్చు, 200 మిల్లీసెకన్ల మొన ఆ సందులోంచి జారిపోతుంది. సెకనుకి కనీసం 20 సార్లు చదివేలా ఉండాలి. సెన్సర్ రేంజ్ కూడా చూసుకోవాలి, 2.5 బార్ మ్యాప్ సెన్సర్ (మ్యానిఫోల్డ్ ప్రెషర్‌ని వాతావరణ ప్రెషర్‌తో కలిపి కొలిచేది) అంటే బూస్ట్ 1.5 దాకే చదవగలదు, ఆపైన ఎంత పోయినా గీత పైన బల్లపరుపుగా కనపడుతుంది, అది చూసి బూస్ట్ బాగా నిలబడింది అనుకుంటే అంతే సంగతులు, ఈసీయూ కూడా ఆ గాలికి ఫ్యూయల్ ఇవ్వట్లేదన్నమాట.

చివరి రక్షణ బూస్ట్ కట్. టార్గెట్ కన్నా 0.2 బార్ పైన పెట్టి, మామూలుగా వచ్చే చిన్న ఓవర్‌షూట్‌కి తగలకుండా, నిజమైన స్పైక్‌కి తప్పకుండా తగిలేలా చూడాలి. కట్ అనేది ఫ్యూయల్‌ని పూర్తిగా ఆపేలా ఉంటే మంచిది, ఇంజెక్షన్ మొత్తం ఆగితే సిలిండర్‌లో మండడానికేమీ ఉండదు. ఒట్టి స్పార్క్ మాత్రమే ఆపితే మండని పెట్రోల్ వేడి ఎగ్జాస్ట్‌లోకి పోయి అక్కడ అంటుకుంటుంది, టర్బైన్‌కీ క్యాటలిటిక్ కన్వర్టర్‌కీ దెబ్బ. ట్యూనింగ్ మొదలెట్టే ముందే ఈ కట్ పనిచేస్తోందా లేదా అని లిమిట్‌ని కావాలని 0.4 బార్‌కి దించి ఒకసారి పరీక్షించి, ఆ తర్వాతే డ్యూటీ టేబుల్ ముట్టుకోవాలి.